పైడిపాలెం గీటురాయి

దగ్గరికి జరగండి. అబ్బీ, ఆ కందికట్టె ఇంకొకటి మంటలో ఎయ్.

పైడిపాలెం అంటే మీకు రిజర్వాయరు గుర్తుకొస్తాది. మాకు రారా గుర్తుకొస్తాడు. రాచమల్లు రామచంద్రారెడ్డి. అప్పటి పులివెందుల తాలూకాలోని ఆ ఊర్లోనే 1922లో పుట్టినాడు. గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఉన్నప్పుడు గాంధీ నిరాహారదీక్షకు మద్దతుగా సమ్మె చేసినాడు. క్షమాపణ చెప్పమంటే చెప్పలా. కాలేజీ నుంచి ఎల్లగొట్టినారు. ఆ తర్వాత కమ్యూనిస్టయినాడు.

1965 నాటికి నాకు ఇరవై ఏండ్లు. జమ్మలమడుగులో బస్సెక్కి పుస్తకాల కోసం ప్రొద్దుటూరికి వస్తాంటి. కవిత్వం రాస్తాంటి. ఏ పంక్తి చూసినా నెత్తురు, కొడవలి. ఆ ఏడే హైదరాబాదులో దిగంబర కవులు అర్ధరాత్రి పూట రిక్షా తొక్కే మనిషి చేత పుస్తకం విడుదల చేయించినారు. ఆ ముచ్చట విని మేం ఊగిపోతిమి. తిట్టు ఎంత పెద్దదయితే కవిత్వం అంత గొప్పదనుకుంటిమి.

1968లో రారా సంపాదకుడుగా ‘సంవేదన’ పత్రిక వచ్చింది. ఒక పెద్దాయన నా చేతిలో పెట్టి, "ముందు ఇది చదువు, తర్వాత నీ నోటుబుక్కు తీసుకురా" అన్యాడు. దిగంబరుల మీద రారా చేసిన విమర్శ కూడా అప్పుడే చదివితి. రాత్రంతా నిద్ర పట్టలా. కోపం నిజమైనదే కావచ్చు, అది చదివేవాని గుండెలో అనుభూతిగా మారకపోతే ఉత్త కేకే అని నాకు అర్థమయింది. నా నోటుబుక్కు ఆ పెద్దాయనకు చూపీలా.

ప్రొద్దుటూరు బంగారంగళ్లలో గీటురాయి చూసినారు కదా? కూలామె ముక్కుపుల్లయినా, షావుకారమ్మ కాసులపేరైనా ఆ రాయికి ఒకటే. రారా కూడా అంతే. మనవాడు, మన జెండా అని మార్కులు ఎక్కువెయ్యలా. పేదోని కోసమని నాసిరకం కవిత్వం రాస్తే అది పేదోన్నే తక్కువ చేసినట్టు. ఈ మాట నాది, ఆయన్ని చదివినాక వచ్చింది.

ఆ రాయి దెబ్బ గట్టిదే. నేను ఏడాది కలం పట్టలా. నాతోటి పిల్లోల్లు ఇద్దరు మళ్లా రాయనే లేదు. అది నష్టమే, కాదనను.

1970 జులై 4న విప్లవ రచయితల సంఘం, అదే విరసం, పుట్టింది, శ్రీశ్రీ అధ్యక్షుడు. మాలో సగం మంది అటు పోయినారు. ప్రొద్దుటూరులో టీ అంగడి మూసినాక కూడా అరుగు మీద వాదులాడుకుంటాంటిమి: ముందు ఉద్యమమా, ముందు కవిత్వమా? తెల్లారినా తెగేది కాదు. రారా ఆ కాలంలోనే మాస్కో పోయి రష్యన్ పుస్తకాలు తెలుగు చేసినాడు. ఆ పని చేసిన మనిషి గనుకే ‘అనువాద సమస్యలు’ రాయగలిగినాడు.

1988 నవంబరులో రారా పోయినాడు. ఆ ఏటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ‘అనువాద సమస్యలు’ పుస్తకానికే వచ్చింది.

అమ్మీ, రారా రాసిన ‘సారస్వత వివేచన’ ఆ గూట్లో ఉండాది. రేపు పగటిపూట తీసి, దిగంబరుల మీది వ్యాసం నాకు గట్టిగా చదివి వినిపించు.