పాత కారుకు కొత్త సామాను: సస్పెన్షన్ భాగాల నాణ్యతను గుర్తించే విధానం

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కొన్నింటి వాకిళ్లలో నేటికీ ఒక అంబాసిడర్ కారు కనిపిస్తుంది. పెళ్లికి, గుడికి, ఆస్పత్రికి దానినే బయటికి తీస్తారు. 1950ల చివర నుంచి పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన ఈ కారు ఉత్పత్తి 2014 మే నెలలో నిలిచిపోయింది. ముంబయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే ఆగిపోయింది. కంపెనీ సామాను రావడం ఆగిన కార్లకు బజారులో దొరికే కొత్త భాగాలే దిక్కు. ఇంజను భాగం చెడితే కారు దారిలో ఆగుతుంది. సస్పెన్షన్ భాగం విరిగితే మాత్రం కారు దారి తప్పుతుంది. కాబట్టి కొనేటప్పుడు జాగ్రత్త ఇక్కడే ఎక్కువ అవసరం.

బజారులోని సామాను మూడు రకాలు. మొదటిది, కంపెనీ ఉన్న రోజుల్లో తయారై దుకాణాల అటకలపై మిగిలిన పాత నిల్వ. రెండవది, పాత నమూనాను చూసి వేరొక సంస్థ తన సొంత పేరుతో చేసే పునరుత్పత్తి. మూడవది, పేరున్న కంపెనీ పెట్టెను అనుకరించి అమ్మే నకిలీ. పునరుత్పత్తి, నకిలీ ఒకటి కావు. తన పేరు, చిరునామా పెట్టెపై ముద్రించిన చిన్న తయారీదారు వస్తువు చాలాసార్లు మంచిదే అవుతుంది. పాత నిల్వ అంటే శ్రేష్ఠమన్న నమ్మకం కూడా అన్నివేళలా సరికాదు. ఉక్కు భాగమైతే తుప్పు లేనంతవరకు నిలుస్తుంది గాని, రబ్బరు పెట్టెలో ఉన్నా వయసు మీరుతుంది.

ఈ ప్రాంతపు నేల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. తమిళంలో కరిసల్ అనే ఈ నల్లరేగడి భూమి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. దాని మీద వేసిన గ్రామీణ రోడ్లు అలలు అలలుగా తయారవుతాయి. ఆ రోడ్లపై నలిగిన కారే, గంట తరువాత విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి పోయే 44వ నంబరు జాతీయ రహదారిపై లారీల సరసన పరుగెత్తుతుంది. అక్కడ నాసి బుష్షు ఊరుకోదు.

రబ్బరు బుష్షుల విషయంలోనే మోసం ఎక్కువ, తేడా పైకి తెలిసేది తక్కువ. పాత టైర్ల నుంచి తీసిన రబ్బరును కలిపి చేసిన బుష్షు కొత్తలో నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. దానిని బొటనవేలి గోటితో గట్టిగా నొక్కి చూడాలి. మంచి రబ్బరుపై గంటు వెంటనే మాసిపోతుంది. నాసి రబ్బరుపై గుర్తు నిలుస్తుంది, లేదా అంచు పొడిగా రాలుతుంది. చాలా కార్ల బుష్షులకు షోర్ ఏ కొలతలో 60 నుంచి 70 వరకు గట్టిదనం ఉంటుంది. ఆ కొలత తీసే పరికరం చిన్నది, చవకైనదే. తరచుగా సామాను కొనే గ్యారేజీ ఒకటి ఉంచుకోవడం మేలు. తరువాత లోపలి ఇనుప గొట్టాన్ని చూడాలి. అది బుష్షుకు సరిగ్గా నడిమధ్యన ఉండాలి. రబ్బరు ఇనుముకు అతుక్కున్నచోట గోరు దూరేంత సందు కనిపిస్తే ఆ వస్తువును తిరిగి ఇచ్చివేయాలి. పాలీయురిథేన్ బుష్షులు ఎక్కువకాలం మన్నుతాయి. కాని అవి గట్టివి. రోడ్డు అదురును నేరుగా లోపలికి పంపుతాయి, తగిన గ్రీజు లేకపోతే కిర్రుమంటాయి. ముసలివారు ప్రయాణించే కారుకు రబ్బరే సుఖం.

అంబాసిడర్ ముందు చక్రాల బరువును మోసేది టార్షన్ బారు. మెలి తిరుగుతూ స్ప్రింగు పని చేసే ఉక్కు కడ్డీ అది. దీనిపై లోతైన గీత, సుత్తి దెబ్బ, తుప్పు గుంట ఏది ఉన్నా వాడరాదు. పగులు మొదలయ్యేది అక్కడే. నిప్పుతో కాల్చి సరిచేసిన బారును, వెల్డింగు చేసిన బారును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోరాదు. కాల్చిన ఉక్కు తన స్ప్రింగు గుణాన్ని కోల్పోతుంది. వాడిన బారు ఒక వైపుకే మెలి తిరగడానికి అలవాటుపడి ఉంటుంది గనుక కుడిదానిని ఎడమకు మార్చడం కూడా ప్రమాదమే. పద్మినికి ముందు కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. రెండింటినీ నేలపై పక్కపక్కన నిలబెట్టి ఎత్తు, చుట్ల సంఖ్య, తీగ మందం పోల్చి చూడాలి.

వెనుక కమాను పట్టీలకు సిలికాన్, మాంగనీసు కలిసిన ఉక్కు కావాలి. మామూలు ఇనుప పట్టీని వంచి అమ్మేవారున్నారు. ఆకురాయితో ఒక మూల రాసి చూస్తే గుట్టు బయటపడుతుంది. మామూలు ఇనుము సులువుగా అరుగుతుంది, పదును పెట్టిన స్ప్రింగు ఉక్కుపై ఆకురాయి కష్టపడుతుంది. రెండు కమాన్లకూ చివరి నుంచి చివరికి దారం కట్టి, నడుమ వంపు ఎంత ఉన్నదో కొలవాలి. రెండింటి మధ్య తేడా ఉంటే కారు ఒక పక్కకు ఒరుగుతుంది.

బరువు పరీక్ష అన్నింటిలోకి సులువైనది, ఎందుకో చాలామంది చేయరు. పప్పులు, మిరపకాయల వ్యాపారానికి పేరుపొందిన విరుదునగర్‌లో తక్కెడకు కొదవలేదు. పాత అసలు భాగాన్ని, కొత్తదానిని విడివిడిగా తూచాలి. పాతది అరిగిపోయి కూడా కొత్తదానికంటే బరువు తూగితే, కొత్తదానిలో లోహం తగ్గించారని అర్థం.

కింగ్ పిన్‌లను వెర్నియర్‌తో మూడు చోట్ల, అడ్డంగా, నిలువుగా కొలవాలి. పిన్ గుండ్రంగా లేకపోతే బుష్షు త్వరగా వదులవుతుంది. పైపొర గట్టిపరచిన పిన్‌పై ఆకురాయి జారిపోవాలి. షాక్ అబ్జార్బరును నిలువుగా పట్టుకొని నెమ్మదిగా నొక్కి లాగాలి. మధ్యలో ఒకచోట వదులుగా, మరొకచోట బిగువుగా ఉండరాదు. అయితే పడుకోబెట్టి నిల్వ చేసినదానిలో గాలి చేరి ఉండవచ్చు. నాలుగైదు సార్లు కదిపిన తరువాతే నిర్ణయించాలి.

మంచి భాగం కూడా బిగింపు తప్పితే చెడుతుంది. గొట్టానికి అతుక్కున్న రబ్బరు బుష్షు మెలి తిరిగే పని చేస్తుంది. కారును జాకీపై ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా బోల్టులు పూర్తిగా బిగిస్తే, కారు కిందికి దిగిన క్షణం నుంచే రబ్బరు మెలిపడి ఉంటుంది. కొద్ది నెలలకే చిరుగుతుంది, నింద దుకాణదారుపై పడుతుంది. కారు నాలుగు చక్రాలపై నిలిచి తన బరువును మోస్తున్నప్పుడే చివరి బిగింపు చేయాలి. అనుభవం గల మెకానిక్కులు సైతం తొందరలో దీనిని విస్మరించడం కద్దు.

కొనేటప్పుడు బిల్లు అడగాలి. పెట్టెలో అమ్మే సరుకుపై తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఇవేవీ లేని పెట్టెను నకిలీగా అనుమానించవచ్చు. బిల్లు చేతిలో ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేసే వీలుంటుంది, 1915 నంబరుకు ఫోను చేసి కూడా సలహా పొందవచ్చు.

భాగాలు మార్చిన తరువాత చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి. సుమారు 500 కిలోమీటర్లు నడిచాక బోల్టులన్నీ మరొకసారి చూపించి, పాత భాగాలను వెంటనే పారవేయకుండా కొంతకాలం గోనెసంచిలో కట్టి ఉంచాలి. తరువాత కొనే భాగంతో పోల్చుకోవడానికి అంతకంటే నమ్మకమైన నమూనా మరొకటి దొరకదు.