గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం

గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం అనేది బి.ఎస్సీ. వ్యవసాయం చివరి సంవత్సరంలో విద్యార్థులు పల్లెలో ఉండి, రైతులతో కలసి పనిచేస్తూ పూర్తిచేయవలసిన శిక్షణ. ఆంగ్లపు పొడి అక్షరాలనుబట్టి దీనిని రావెప్ అని వ్యవహరిస్తారు. తిరుపతిలో 1961లో స్థాపించబడిన శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల విద్యార్థులకు కూడా ఇది తప్పనిసరి. ఈ కళాశాల ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినది.

కాలవ్యవధి

2015లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన స్టూడెంట్ రెడీ పథకంలో దీనిని చేర్చారు. నెలకు 3000 రూపాయల చొప్పున ఆరు నెలల వరకు భృతిని నిర్ణయించారు. ఐదవ డీన్ల కమిటీ పాఠ్యప్రణాళికలో మొత్తం 20 వారాలకు గాను పల్లె నివాసం 8 వారాలు. మిగిలిన కాలం పరిశోధనా స్థానం లేదా కృషి విజ్ఞాన కేంద్రం, సస్యరక్షణ, వ్యవసాయ పరిశ్రమ, నివేదికలకు పోతుంది.

పల్లెలో అనుభవాలు

ప్రతి విద్యార్థికి ఒక ఆతిథేయ రైతును కేటాయిస్తారు. తొలిరోజుల్లో వీధిలో ముగ్గుపిండి, రంగులతో ఊరి పటం గీసి చెరువు, బావులు, పొలాలను గ్రామస్థులచేతనే గుర్తింపజేస్తారు. తరగతిలో విన్న పాఠానికి, పొలానికి మధ్య దూరం ఆ తరువాత తెలియవస్తుంది. ఉదాహరణకు, వేరుశనగకు తొలిపూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలని విద్యార్థి చెబుతాడు. కాయ ఊరడానికి అవసరమైన కాల్షియం, గంధకం దాని నుండి లభిస్తాయి. కానీ నేలలో తేమ ఉంటేనే అది పనిచేస్తుంది. చిత్తూరు ప్రాంతపు ఎర్రనేలల్లో వర్షాధారంగా విత్తిన రైతు, వాన జాడ లేనప్పుడు బస్తాలకు డబ్బు పెట్టడానికి వెనుకాడతాడు. అది అజ్ఞానం కాదు, లెక్క. ఈ లెక్కను అర్థం చేసుకున్న విద్యార్థి రికార్డు పుస్తకం వేరుగా ఉంటుంది.

పరిమితులు

వేరుశనగ చేతికి రావడానికి నూరు రోజులకు పైగా పడుతుంది. ఎనిమిది వారాలుండే విద్యార్థి విత్తడం చూస్తే నూర్పిడి చూడలేడు, అందువలన తానిచ్చిన సలహా ఫలితమూ తెలియదు. ఈ కార్యక్రమంలోని ప్రధాన లోపం ఇదే. పైచదువుల ప్రవేశపరీక్షలకు చదువుకోవలసిన సంవత్సరం కూడా ఇదే కావడంతో కొందరి దృష్టి పుస్తకాల మీదే ఉంటుంది.

పరిశోధనా స్థానంలో

తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నారాయణి, ధరణి వంటి వేరుశనగ రకాలను రూపొందించింది. వీటిలో ధరణి బెట్టను తట్టుకుంటుంది. పల్లెలో వాడిన చేలను చూసిన విద్యార్థికి ఇటువంటి రకాల అవసరం వేరుగా చెప్పనక్కరలేదు.