కూల్డ్రే దొరగారి కుంచె

నూరేండ్ల క్రిందట మన యిండ్ల గోడల నెట్టి పటములు వ్రేలాడుచుండెడివో పెద్దలకు విన్నవింప నక్కఱలేదు. 1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయమును నెలకొల్పిన పిదప లక్ష్మీసరస్వతుల పటములు పల్లెపల్లెకును వ్యాపించినవి. అంతకు పూర్వమును నకాశివారు, కలంకారి పనివారు దేవతల కథలనే వ్రాయుచుండిరి; జమీందారులు తమ రూపములను వ్రాయించుకొనుచుండిరి. కుంఫిణీ దొరలు మన కులవృత్తులను చిత్రింపజేసిన మాట నిజమే గాని, ఆ చిత్రములలో పెక్కులు దొరల పెట్టెలలో సీమకు వెడలిపోయినవి. రేవులో బిందె ముంచుకొను ఇల్లాలును, తెరచాప నెత్తు సరంగును, అరుగుమీది తాతయును చిత్రింపదగినవారని తలచుట మనలో అరుదు.

రాజమహేంద్రవరమున ఆ చూపు మేల్కొనుటకు ఒక ఉపాధ్యాయుడు తోడ్పడెను. ఆయన వృత్తిచేత చిత్రకారుడు కాడు. ఆస్వాల్డ్ కూల్డ్రే అను నాతడు 1882లో థేమ్సు నదీతీరమందలి ఆబింగ్డను పట్టణమున జన్మించి, ఆక్సుఫర్డులో విద్య ముగించి, 1909 మొదలు 1919 వఱకు రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలలో పనిచేసి, దాని యధ్యక్షపదవిని వహించెను. జీతము ఆంగ్లసాహిత్యము చెప్పినందులకు. బొమ్మలు వ్రాయుట తన వేడుకకు. ఏటియొడ్డున బుట్టి పెరిగినవాడగుటచేత కాబోలు, గోదావరియన్న ఆయనకు తగని మక్కువ. 1920లో ప్రకటించిన తన పద్యసంపుటమునకు థేమ్సు, గోదావరి యను రెండు నదుల పేరులను జతచేసి పెట్టెను.

ఆయన కిష్టమైనది నీటిరంగుల పని. ఇందులో దెలుపు రంగును పూయుటకంటె కాగితపు దెలుపునే వెలుగుగా మిగిల్చుట ముఖ్యము. పలుచని రంగును ముందు పూసి, అది యాఱిన పిమ్మట మఱియొక పూత వేయవలెను. తప్పు పడినచో తైలవర్ణములందువలె కప్పిపుచ్చుటకు వీలుండదు. మన యెండలో కుంచె కాగితమును దాటకముందే తడి యాఱిపోవును. కావున చూచి చూచి, నిశ్చయించుకొని, త్వరగా వ్రాయవలెను. ఆయనను మహాచిత్రకారులలో జేర్చుట నా యభిమతము గాదు. కాని యెదుట నున్నదానిని ఓపికతో చూచు గుణము ఆయన యందు నిండుగా నుండెను. ఆ గుణమే శిష్యుల కబ్బినది.

మా పాఠశాలలలో చిత్రలేఖన మనగా నల్లబల్లమీది కూజాను, మామిడిపండును చూచి దింపుటయే. నలువది బొమ్మలును ఒక్క తీరుగ నుండిన పంతులు సంతసించును! కూల్డ్రే మార్గ మది కాదు. బాలునిలో నేది మొలకెత్తుచున్నదో కనిపెట్టి దానికే నీరు పోసెను. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన ప్రోత్సాహము పొందినవారే. బాపిరాజు పిదప బందరు జాతీయకళాశాలలో ప్రమోదకుమార ఛటోపాధ్యాయుని యొద్ద చిత్రకళ నభ్యసించి, కుంచెను కలమును రెంటిని పట్టెను.

శిష్యులలో అగ్రగణ్యుడు దామెర్ల రామారావు. 1897లో రాజమహేంద్రవరముననే జన్మించిన యీ బాలుని గీతలను జూచి, ఇంతకు మించి నేర్పుట తనవలన గాదని యెఱిగిన గురువు, 1916లో అతనిని బొంబాయి జె.జె. కళాశాలకు పంపుటకు బూనుకొనెను. తన విద్య కెల్ల యెక్కడనో తెలిసికొనిన గురువు లెందఱు గలరు?

1919లో చెవుడు ముదురుటచే కూల్డ్రే ఉద్యోగము విడిచి స్వదేశమునకు మరలెను. రామారావు చదువు ముగించి స్వస్థలమునకే వచ్చి చిత్రకళాశాలను నడపెను. పురాణకథలను వదలలేదు, కాని నందిపూజ, పుష్పాలంకారము మున్నగు చిత్రములలోని స్త్రీలు మన వీధులలో నడచువారివలె నుందురు. గోదావరి దృశ్యములును, ఎదుట గూర్చుండినవారి రూపములును ఆయన చిత్రములలో గలవు. ఆయన భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టిరి. ఆ కాలమున గృహస్థుని యింట ఆడువారు రంగులు కలుపుట చిన్న విషయము గాదు.

1925 ఫిబ్రవరిలో మశూచికము ఆ యువకుని గొనిపోయెను. వయస్సు ఇరువది యెనిమిదేండ్లైన నిండలేదు. చిత్రకారుడు పోయిన పిమ్మట కాగితములు చెదపురుగుల పాలగుట మన దేశమున సామాన్యము. ఇచ్చట నట్లు జరుగలేదు. కుటుంబమువారును, మిత్రుడు వరదా వెంకటరత్నము మొదలగువారును చిత్రములను అంగడి కెక్కనీయక కాపాడిరి. వెంకటరత్నము కళాశాలను కొనసాగించెను. ఆ చిత్రములే నేడు రాజమహేంద్రవరమున రామారావు పేర నున్న చిత్రశాలలో గలవు.

కూల్డ్రే దక్షిణదేశపు జ్ఞాపకములను గూర్చి 1924లో నొక గ్రంథమును వెలువరించెను. ఆ మఱుసటి యేడే శిష్యుని మరణము సంభవించెను. గురువు మఱి ముప్పది మూడేండ్లు జీవించి, 1958లో కన్నుమూసెను.