టొరొంటో మేపుల్ లీఫ్స్: మేటి ఆటగాళ్ల ఎంపిక చరిత్ర

టొరొంటో మేపుల్ లీఫ్స్ కెనడాలోని టొరొంటో నగరానికి చెందిన ప్రొఫెషనల్ ఐస్ హాకీ జట్టు. 1917లో నేషనల్ హాకీ లీగ్ మొదలైన నాటి నుంచీ ఆ నగరానికి అందులో జట్టు ఉంది. మొదట అరీనాస్‌గా, తర్వాత సెయింట్ ప్యాట్రిక్స్‌గా ఆడిన ఆ జట్టును 1927లో కాన్ స్మైత్ నాయకత్వంలోని బృందం కొని, మేపుల్ లీఫ్స్ అని పేరు మార్చింది. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ను ఇప్పటికి 13 సార్లు గెలిచింది. చివరి గెలుపు 1967లో. ఆ తర్వాత కప్పు టొరొంటో ముఖం చూడలేదు.

ఈ జట్టు చరిత్రలో అందరిలోకీ గొప్పవాడెవరన్న ప్రశ్నకు 2016లో, నూరేళ్ల వేడుకల సందర్భంగా, యాజమాన్యమే అధికారికంగా జవాబు చెప్పింది: డేవ్ కియాన్. ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియాలంటే అతని గోల్స్ లెక్క చూస్తే చాలదు. ఒక ఆటగాణ్ణి ఎలా గౌరవించాలన్న విషయంలో ఈ జట్టు దశాబ్దాల పాటు పడిన తర్జనభర్జన, మధ్యలో పెరిగిన పంతాలు కూడా చూడాలి.

విరమించిన నంబర్లు

ఐస్ హాకీలో ఆటగాడికి దక్కే పెద్ద గౌరవం అతని జెర్సీ నంబర్‌ను విరమించడం. ఆ తర్వాత ఆ జట్టులో ఆ నంబర్ ఇంకెవరికీ ఇవ్వరు. స్టేడియం కప్పు నుంచి ఆ అంకె ఉన్న బ్యానర్ వేలాడుతుంది. భారత క్రికెట్‌లో సచిన్ టెండూల్కర్ 10ని, ధోనీ 7ను పక్కన పెట్టారన్న వార్తలు చదివినవారికి ఈ ఆచారం కొత్త కాదు. క్రికెట్‌లో నిన్న మొన్న వచ్చిన ఈ పద్ధతి హాకీలో 1934లోనే మొదలైంది, అదీ టొరొంటోలోనే. అయితే అక్కడ దానికి మూలం ఘనత కాదు, ప్రమాదం.

1933 డిసెంబర్ 12న బోస్టన్ గార్డెన్‌లో ఆట జరుగుతుండగా బోస్టన్ డిఫెన్స్ ఆటగాడు ఎడ్డీ షోర్ వెనక నుంచి వచ్చి లీఫ్స్ ఆటగాడు ఏస్ బెయిలీని ఢీకొట్టాడు. బెయిలీ తల మంచుకు తగిలి పుర్రె పగిలింది. అప్పట్లో హెల్మెట్ పెట్టుకునే అలవాటే లేదు. మెదడుకు శస్త్రచికిత్సలు చేసి ప్రాణం నిలబెట్టారు గానీ, అతని ఆట అంతటితో ముగిసింది. 1928-29 సీజన్‌లో లీగ్ మొత్తం మీద అందరికంటే ఎక్కువ పాయింట్లు (చేసిన గోల్స్, తోడ్పడిన గోల్స్ కలిపి) సాధించిన ఆటగాడు అతను. 1934 ఫిబ్రవరి 14న మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో అతని సహాయార్థం లీఫ్స్‌కూ మిగతా జట్ల మేటి ఆటగాళ్లకూ మధ్య ఒక మ్యాచ్ పెట్టారు. లీఫ్స్ 7-3తో గెలిచింది, 20 వేల డాలర్లకు పైగా వసూలయ్యాయి. షోర్ కూడా ఆ మ్యాచ్ ఆడడానికి వచ్చాడు. బెయిలీ మంచు మీదికి వచ్చి అతనితో చేయి కలిపాడు. స్టేడియం దద్దరిల్లింది. 6వ నంబర్ ఇంకెవరూ వేసుకోరని ఆ రోజే ప్రకటించారు.

ఆ మాటకు ఒక మినహాయింపు కూడా ఉంది. 1968లో బెయిలీ తానే ముచ్చటపడి, రాన్ ఎల్లిస్ అనే యువ ఆటగాణ్ణి 6 వేసుకోమన్నాడు. ఎల్లిస్ ఆట తీరు ఆ పెద్దమనిషికి నచ్చింది. తన ఆట ముగిసేదాకా ఎల్లిస్ ఆ నంబరే వేసుకున్నాడు. యాజమాన్యం దాచిన అంకెను దాని అసలు యజమాని బయటికి తీసి ఇవ్వడం ఈ చరిత్రలో మనసుకు హత్తుకునే ఘట్టాల్లో ఒకటి.

విరమించిన నంబర్లలో రెండోది బిల్ బారిల్కోది. 1951 స్టాన్లీ కప్ ఫైనల్లో మాంట్రియల్‌తో ఆడిన అయిదు మ్యాచ్‌లూ అదనపు సమయానికి వెళ్లాయి. ఏప్రిల్ 21న అయిదో మ్యాచ్‌లో డిఫెన్స్ ఆటగాడైన బారిల్కో ముందుకు దూసుకొచ్చి కొట్టిన గోల్‌తో కప్పు లీఫ్స్‌కు దక్కింది. నాలుగు నెలలు తిరిగేసరికి, ఆగస్టు 26న, చేపల వేటకు వెళ్లి చిన్న విమానంలో తిరిగి వస్తూ అతను కనిపించకుండా పోయాడు. వయసు 24. ఎంత వెతికినా ఆనవాలు దొరకలేదు. ఆ తర్వాత లీఫ్స్ మళ్లీ కప్పు గెలిచింది 1962 ఏప్రిల్‌లో. ఆ జూన్‌లోనే ఉత్తర ఒంటారియోలో కోక్రేన్ పట్టణానికి ఉత్తరాన ఉన్న అడవిలో విమాన శకలాలు బయటపడ్డాయి. బారిల్కో ఆడింది అయిదు సీజన్లు, చేసింది 26 గోల్స్. నాలుగు కప్పుల్లో పాలుపంచుకున్నాడు. కథ ఎంత గొప్పదైనా, పాటలకెక్కినా, జట్టు చరిత్రలో మేటి ఆటగాళ్ల వరసలో అతన్ని ముందు నిలబెట్టేవారు అరుదు. 5వ నంబర్‌ను అధికారికంగా విరమించింది 1992లో.

ఇలా టొరొంటోలో ఒక వింత పరిస్థితి ఏర్పడింది. విరమించిన నంబర్లు రెండే, రెండూ విషాదానికి గుర్తులే. పదేళ్లు, పదిహేనేళ్లు ఆడి కప్పులు గెలిపించిన వారి అంకెలు మాత్రం కుర్రవాళ్ల వీపుల మీద తిరుగుతూ ఉండేవి. అటు మాంట్రియల్ కెనడియన్స్ జట్టు హోవీ మొరెంజ్, మోరీస్ రిషార్, జాన్ బెలివో వంటి దిగ్గజాల నంబర్లను వరసగా విరమిస్తూ వచ్చింది.

‘గౌరవ నంబర్లు’

1993లో లీఫ్స్ మధ్యేమార్గం ఎంచుకుంది. మేటి ఆటగాడి పేరుతో బ్యానర్ కడతారు, నంబర్‌ను మాత్రం వాడుకలోనే ఉంచుతారు. దీన్ని ‘గౌరవ నంబర్’ అన్నారు. మొదటి బ్యానర్లు సిల్ యాప్స్ 10కి, టెడ్ కెనెడీ 9కి కట్టారు. తర్వాత గోల్ కీపర్లు టర్క్ బ్రోడా, జానీ బోవర్ (ఇద్దరిదీ 1), ఆ తర్వాత కింగ్ క్లాన్సీ, టిమ్ హోర్టన్ (ఇద్దరిదీ 7) వచ్చారు. 2012లో మాట్స్ సండిన్ 13 వరకూ ఈ వరస సాగింది. విరమించిన అంకెలు పెరిగిపోతే కొత్తవారికి మిగిలేవేమిటన్న వాదన ఇటువంటి పద్ధతికి అనుకూలంగా వినబడేది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. కానీ ఆటగాడి వైపు నుంచి చూస్తే ఇది సగం గౌరవం. ఆ మాట మొహం మీదే చెప్పినవాడు డేవ్ కియాన్.

కియాన్ పంతం

కియాన్ 1940లో క్విబెక్‌లోని నొరాండాలో పుట్టాడు. 1960లో లీఫ్స్‌లో చేరి, మొదటి సీజన్‌కే లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అందుకున్నాడు. సెంటర్ స్థానంలో ఆడేవాడు. మనిషి పొట్టి, స్కేటింగ్‌లో మెరుపు. ప్రత్యర్థి జట్టులో అందరికంటే ప్రమాదకరమైన ఆటగాణ్ణి వెంటాడి పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) అతనికి అందకుండా చేయడం అతని ప్రత్యేకత. అంత దగ్గరగా అంటిపెట్టుకుని ఆడేవాళ్లు తరచూ ఫౌల్ చేసి శిక్షాకాలం బయట కూర్చుంటారు. కియాన్ దాదాపు కూర్చోలేదు. మర్యాదైన ఆటకిచ్చే లేడీ బింగ్ ట్రోఫీని 1962లో, 1963లో వరసగా గెలిచాడు. 1962, 1963, 1964, 1967 కప్పులు నాలుగింటిలోనూ అతను ఉన్నాడు.

1967 ప్లేఆఫ్స్‌లో, అంటే కప్పు కోసం సీజన్ చివర జరిగే పోటీల్లో, అతను చేసింది 3 గోల్స్, 5 అసిస్ట్‌లు (ఇతరుల గోల్‌కు తోడ్పడిన పాస్‌లు). అంకెలుగా చూస్తే అతి సాధారణం. అయినా ప్లేఆఫ్స్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అతనికే ఇచ్చారు. జట్టుకు పేరు పెట్టిన మనిషి పేరు మీదున్న ఆ ట్రోఫీని లీఫ్స్ తరఫున గెలిచినవాడు నేటికీ అతనొక్కడే. గోల్ కొట్టినవాడి కంటే కొట్టనివ్వనివాడి విలువ ఎక్కువ కావచ్చని న్యాయనిర్ణేతలు ఒప్పుకున్న అరుదైన సందర్భాల్లో అదొకటి.

1969 నుంచి కియాన్ కెప్టెన్. 1975లో కాంట్రాక్టు ముగిసినప్పుడు జట్టు యజమాని హెరాల్డ్ బల్లార్డ్ అతన్ని ఉంచుకోలేదు, లీగ్‌లో వేరే జట్టుకు సులువుగా వెళ్లనివ్వనూ లేదు. తీసుకోదలచినవారు భారీ పరిహారం ఇవ్వాలన్నాడు. కియాన్ పోటీ లీగ్ అయిన వరల్డ్ హాకీ అసోసియేషన్‌కు వెళ్లిపోయాడు. చివరికి హార్ట్‌ఫర్డ్ జట్టు తరఫున నేషనల్ హాకీ లీగ్‌లో మళ్లీ ఆడి 1982లో రిటైరయ్యాడు. టొరొంటోతో మాత్రం మాటల్లేవు. బల్లార్డ్ 1990లో చనిపోయాడు, అయినా కోపం చల్లారలేదు. 1967 జట్టు నలభయ్యేళ్ల వేడుకకు 2007లో కియాన్ వచ్చినప్పుడు ప్రేక్షకులు ఆపకుండా చప్పట్లు కొట్టారు. గౌరవ నంబర్ విషయంలో మాత్రం అతను మెత్తబడలేదు. గొప్ప ఆటగాళ్ల నంబర్లను విరమించాలి తప్ప బ్యానర్ కట్టి ఊరుకోవడం సరికాదన్నది అతని మాట.

ఈ జట్టుతో చెడి వెళ్లినవాడు అతనొక్కడే కాదు. కోచ్ పంచ్ ఇమ్లాక్‌తో పొసగక నలిగిన ఫ్రాంక్ మహోవ్లిచ్‌ను 1968లో డెట్రాయిట్‌కు పంపేశారు. 1976 ఫిబ్రవరి 7న బోస్టన్ మీద ఒక్క మ్యాచ్‌లోనే 6 గోల్స్, 4 అసిస్ట్‌లతో 10 పాయింట్లు సాధించి, ఇప్పటికీ చెదరని రికార్డు నెలకొల్పిన డారిల్ సిట్లర్ కూడా యాజమాన్యంతో గొడవపడి, తన జెర్సీ మీది కెప్టెన్ గుర్తును తానే తీసేసుకుని, 1982లో వెళ్లిపోయాడు. కాబట్టి లీఫ్స్ గొప్పవారి జాబితా వేయబోతే అందులో సగం పాత బాకీల చిట్టా అవుతుంది.

2016: జాబితా, బ్యానర్లు

నూరో సీజన్ సందర్భంగా యాజమాన్యం వందమంది మేటి ఆటగాళ్ల జాబితా తయారు చేయించింది. హాకీ చరిత్రకారులు, పాత్రికేయులు వంటివారితో 31 మంది సభ్యుల కమిటీ కూర్చుంది. అభిమానుల ఓటింగునూ లెక్కలోకి తీసుకున్నారు. అక్టోబర్‌లో ఫలితం వచ్చింది. మొదట కియాన్, తర్వాత యాప్స్, ఆ తర్వాత కెనెడీ.

అప్పటికి లీఫ్స్ తరఫున అత్యధిక పాయింట్లు సండిన్‌వి: 981 మ్యాచ్‌లలో 987. సిట్లర్‌వి 916. కియాన్ 1062 మ్యాచ్‌లు ఆడి 365 గోల్స్‌తో 858 దగ్గర ఆగాడు. యాప్స్ అయితే మొత్తం 423 మ్యాచ్‌లే ఆడాడు, 432 పాయింట్లు సాధించాడు. అతని కాలంలో సీజన్‌కు 48 నుంచి 60 వరకు మ్యాచ్‌లు ఉండేవి, తర్వాత 70 అయ్యాయి, సండిన్ నాటికి 82. పైగా యాప్స్ 1943లో సైన్యంలో చేరి రెండు సీజన్లు వదులుకున్నాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో పోల్ వాల్ట్‌లో పోటీపడిన క్రీడాకారుడతను. 1942 ఫైనల్లో డెట్రాయిట్ చేతిలో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడి, తర్వాతి నాలుగూ గెలిచి కప్పు తెచ్చిన జట్టుకు కెప్టెన్. ఆ సీజన్ అంతటిలో ఒక్క నిమిషం కూడా శిక్షాకాలం అనుభవించలేదు. కెనెడీ అయిదు కప్పులు గెలిచాడు. 1955లో లీగ్ అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు.

దీన్నిబట్టి కమిటీ దేనికి పెద్దపీట వేసిందో తెలుస్తుంది: కప్పు. ఆ కొలబద్దతో చూస్తే స్వీడన్ ఆటగాళ్లు సాల్మింగ్, సండిన్ ఇద్దరికీ అన్యాయం జరిగినట్టే. 1973లో బోర్యె సాల్మింగ్ వచ్చినప్పుడు యూరప్‌వాళ్లు దెబ్బలకు భయపడతారన్న ఎగతాళి ఉత్తర అమెరికా అంతటా ఉండేది. పదహారు సీజన్లు షాట్లకు శరీరం అడ్డుపెట్టి ఆడి ఆ మాట నోట రాకుండా చేశాడు. 1976 కెనడా కప్‌లో అతను స్వీడన్ జెర్సీతో టొరొంటోలో దిగితే, కెనడా ప్రేక్షకులే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సండిన్ పదకొండేళ్లు కెప్టెన్‌గా ఉన్నాడు. ఇద్దరికీ కప్పు లేదు. ఆ లోటు వారిదనడం కంటే, వారు ఆడిన కాలంలో జట్టును నడిపినవారిదనడం సబబు. ఇక కియాన్‌కు మొదటి స్థానం ఇవ్వడంలో పాత తప్పు దిద్దుకోవాలన్న ఆరాటం కూడా కలిసి ఉండవచ్చు. అది లేకపోయినా, రెండు వైపులా ఆడే సెంటర్‌గా అతని స్థానాన్ని కాదనడం కష్టం.

అదే వారం అక్టోబర్ 15న, సొంత మైదానంలో సీజన్ మొదటి మ్యాచ్ రోజున, యాజమాన్యం గౌరవ నంబర్ల పద్ధతికి స్వస్తి చెప్పింది. ఉన్న బ్యానర్లన్నిటి నంబర్లనూ ఒకేసారి విరమించింది, కియాన్ 14ను కూడా చేర్చింది. దీంతో విరమించిన నంబర్లు రెండు నుంచి 13కు, ఆటగాళ్లు 19కి పెరిగారు. కొన్ని అంకెలను ఇద్దరు పంచుకున్నారు. స్టేడియం బయట ‘లెజెండ్స్ రో’ పేరుతో 2014 నుంచి పెడుతూ వచ్చిన కంచు విగ్రహాల్లో కియాన్‌కూ చోటు దక్కింది. ఆటగాళ్ల బెంచీ మీద కూర్చున్నట్టు, లేచి గోడ దూకబోతున్నట్టు మలచిన ఆ విగ్రహాలు 2017 నాటికి 14 అయ్యాయి. సండిన్, సాల్మింగ్ కూడా వాటిలో ఉన్నారు.

ఆ జాబితా వెలువడిన వారంలోనే, అక్టోబర్ 12న, ఒట్టావాలో ఆస్టన్ మాథ్యూస్ అనే 19 ఏళ్ల కుర్రవాడు లీఫ్స్ తరఫున తొలి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు. ఆ మ్యాచ్ లీఫ్స్ ఓడిపోయింది. 2023-24లో అతను 69 గోల్స్ చేశాడు. జట్టు చరిత్రలో ఒక సీజన్‌లో ఎవరూ అన్ని చేయలేదు. ఆ వందమంది జాబితాలో మాత్రం అతని ఊసే లేదు.