మూత్రపిండపు కంతి – కొలత కథ

మందు వాడిన పిమ్మట దేహములోని కంతి కరగుచున్నదా, పెరుగుచున్నదా? ఒకప్పుడు ఈ ప్రశ్నకు వైద్యుని చేతివ్రేళ్లే ముఖ్యాధారము. 1976లో మోర్టెల్, హాన్లీ అను అమెరికా పరిశోధకులు 12 గోళములను నురుగు రబ్బరు క్రింద దాచి, 16 మంది నిపుణులచే కొలిపించిరి. ఒకే గోళమునకు వేర్వేరు కొలతలు వచ్చెను. ఇక లోతున దాగియుండు మూత్రపిండపు కాన్సరు సంగతి చెప్పనక్కరలేదు.

ఆ లోటును సి.టి. స్కానింగు తీర్చెను. హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన యంత్రము 1971లో లండనులో తొలి రోగి మెదడును చిత్రించెను. కొద్ది సంవత్సరములలోనే ఉదరభాగమును గూడ చూపగలిగెను. 2000లో అంతర్జాతీయ నియమావళి ఏర్పడినది. కంతుల వ్యాసముల మొత్తము 30 శాతము తగ్గినచో మందు ఫలించినట్లు. కనిష్ఠస్థితి నుండి 20 శాతము పెరిగినచో వ్యాధి ముదిరినట్లు.

2005, 2006 సంవత్సరములలో అమెరికాలో అనుమతి పొందిన సొరాఫెనిబ్, సునిటినిబ్ అను మందులతో ఈ కొలబద్ద చాలకపోయెను. అవి కంతికి రక్తము తెచ్చు నాళములను అరికట్టును. రక్తమందని కంతి లోపల చచ్చినను, వ్యాసము అంతగా తగ్గకపోవచ్చును. అయితే అయొడిను ద్రవమును రక్తములోనికి ఎక్కించి తీసిన చిత్రములో సజీవభాగము తెల్లగాను, మృతభాగము నల్లగాను కన్పట్టును. కావున పరిశోధకులు పరిమాణముతోబాటు ఈ ఛాయాభేదమును గూడ లెక్కింప మొదలిడిరి.

2015లో అక్కడనే మూత్రపిండపు కాన్సరుకు అనుమతింపబడిన నివోలుమాబ్ మరియొక చిక్కు తెచ్చెను. అది దేహరక్షక కణములను మేల్కొల్పును. అవి కంతిలో గుమిగూడినప్పుడు, అరుదుగా, కంతి మొదట పెరిగినట్లు కన్పించి పిదప తగ్గును. అందుచే అట్టి మందుల పరిశోధనకై 2017లో వెలువడిన నియమములు, పెరుగుదలను 4 నుండి 8 వారములలో మరల చిత్రించి నిర్ధారింపవలెనని చెప్పినవి. తొందరపడినచో పనిచేయు మందు రోగికి దూరమగును. ఉపేక్షించినచో పనిచేయని మందుతో విలువైన కాలము గడచిపోవును.