పల్లెకు చేరిన తీగ

మీలో నలభై దాటినవారికి ట్రంకు కాలు అన్న మాట గుర్తుండే వుంటుంది. పొద్దున పోస్టాఫీసులో నంబరు రాసిచ్చి, సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే కూర్చోవడం. లైను కలిశాక వీధి చివరికి వినపడేలా అరవడం. మూడు నిమిషాలు అయ్యేసరికి అసలు విషయం మిగిలిపోవడం. నేటి పిల్లలకు ఇదంతా కథలా వుంటుంది. పల్లెకు తీగ ఎలా వచ్చిందో, వచ్చిన తీగ వల్ల ఎవరికి మేలు జరిగిందో ఈ రోజు కాసేపు ముచ్చటించుకుందాం.

1984 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం సీ-డాట్ అనే సంస్థను నెలకొల్పింది. దాని వెనుక వున్న శాం పిట్రోడా ఒడిషాలోని టిట్లాగఢ్‌లో పుట్టినవాడు. 36 నెలల గడువు, 36 కోట్ల రూపాయలు. ఈ పరిమితిలో మన దేశానికి పనికొచ్చే ఎక్స్ఛేంజి తయారు చేయాలి. అప్పట్లో విదేశాల నుంచి వచ్చే ఎక్స్ఛేంజీలు పెద్ద నగరాల కోసం తయారైనవి. వాటికి చల్లని గది కావాలి, దుమ్ము తగలకూడదు. మన పల్లెల్లో ఎండ, దుమ్ము, మాటిమాటికీ పోయే కరెంటు. అందుకని ఏసీ గది అక్కర్లేని, ఒక చిన్న గదిలో ఇమిడిపోయే 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజిని మన ఇంజనీర్లు రూపొందించారు. 1986లో మొదటిదాన్ని ఉత్తర కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. రాణి చెన్నమ్మ పేరుతో మనం పాఠాల్లో చదువుకునే కిత్తూరే అది.

ఆ తరువాత వచ్చినవి పసుపు బోర్డుల ఎస్.టి.డి. బూత్‌లు. ఇంటింటికీ ఫోను ఇవ్వడం అప్పట్లో అయ్యే పని కాదు. కాబట్టి వూరికొక చోట ఫోను పెట్టి, దాని దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టారు. చాలా బూత్‌లు వికలాంగులకు, ఆసరా లేని ఆడవాళ్ళకు జీవనాధారం అయ్యాయి. నంబరు తిప్పడం రాని ముసలమ్మకు బూత్‌లోని అమ్మాయి తిప్పి ఇచ్చేది, అవతల కొడుకు చెప్పింది సరిగా వినపడకపోతే తిరిగి చెప్పేది. యంత్రం ఎంత అవసరమో ఆ అమ్మాయీ అంతే అవసరం. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

1995 ఆగస్టు 15న మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది. అదీ కొన్ని పెద్ద నగరాలకే. పల్లెవాళ్ళకు దీనితో ఏం పని అన్నవాళ్ళే ఎక్కువ. ఆ ప్రశ్నకు 1998లో పుదుచ్చేరి పల్లెలు జవాబు చెప్పాయి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ విల్లియనూరు కేంద్రంగా అక్కడ గ్రామ విజ్ఞాన కేంద్రాలు మొదలుపెట్టింది. ముందుగా వాళ్ళు చేసిన పని కంప్యూటర్లు కొనడం కాదు, వూళ్ళు తిరిగి మీకు ఏ సమాచారం కావాలని అడగడం. ధాన్యం ధర, పశువుల జబ్బులు, ఆసుపత్రిలో డాక్టరు వుండే వేళలు, ప్రభుత్వ పథకాలు అని జనం చెప్పారు. కరెంటు నమ్మకం లేదు కనుక సౌరశక్తి పలకలు, ఫోను లైను నమ్మకం లేదు కనుక వైర్‌లెస్. కేంద్రాన్ని నడిపేది వూరివాళ్ళే, అందులోనూ ఎక్కువమంది స్త్రీలు. ఒక్కటే షరతు: వూరు ఇచ్చే చోటుకు ఏ కులంవారైనా రాగలగాలి. ఎంబలం అనే వూళ్ళో ఆ చోటు గుడే అయింది.

వీరంపట్టినం అనే జాలరి వూళ్ళో అలల ఎత్తు ఎంత వుంటుందన్న సమాచారాన్ని అమెరికా నౌకాదళం వెబ్‌సైటు నుంచి తీసుకుని, తమిళంలోకి మార్చి, మైకులో చదివేవారు. ప్రపంచానికి ఆ చివర వున్న సమాచారం, ఈ చివర వలలు సర్దుకుంటున్న మనిషి చెవిలో సొంత భాషలో పడేది. చదువు రాకపోయినా అడ్డంకి లేదు.

దీని విలువ 2004 డిసెంబరు 26న తెలిసింది. నల్లవాడు అనే వూరి కుర్రవాడు సింగపూర్‌లో పని చేస్తూ, సునామీ వార్తను టీవీలో చూసి ఇంటికి ఫోను చేశాడు. వూళ్ళోవాళ్ళు విజ్ఞాన కేంద్రం తాళం పగలగొట్టి, అక్కడి మైకులో అందరినీ పరుగెత్తమని చెప్పారు. ఇళ్ళు పోయాయి, పడవలు పోయాయి. వూరి మనుషులు మాత్రం బతికారు. ఒక ఫోను, ఒక మైకు, అర్థమయ్యే భాష. అదే తీరంలో ఈ మూడూ కలవని చోట్ల ఏం జరిగిందో మనకు తెలుసు.

ఆ విపత్తు తరువాత, 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరికల కేంద్రం ఏర్పడింది. యానాం వైపు జాలరులకూ, ఒడిషాలో పూరీ పెంటకటలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు జాలరులకూ అది సంబంధించిన విషయమే. హెచ్చరిక హైదరాబాదులో పుట్టినా, చెవికి చేరేది ఏ భాషలో అన్నదే ప్రశ్న.

ఇక్కడ కర్ణాటక అనుభవం కూడా చెప్పుకోవాలి. 2001 నాటికి భూమి పథకం కింద ఆ రాష్ట్రంలోని 67 లక్షల మంది రైతుల సుమారు 2 కోట్ల భూమి రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించారు. అప్పటిదాకా గ్రామ లెక్కాధికారి సంచిలో వుండే పహణి, 15 రూపాయలకు తాలూకా ఆఫీసు కిటికీ దగ్గర దొరకసాగింది. గొప్ప మార్పే. కానీ అది కన్నడంలో వుంటుంది. రాష్ట్రభాషలో వుండడం న్యాయమే, అందులో తప్పు లేదు. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఏ బడికీ వెళ్ళని పెద్దల సంగతేమిటి? బడి వదిలాక నా దగ్గరకు కాగితం పట్టుకొచ్చి, "అయ్యవారూ, ఇందులో నా పేరు వుందా?" అని అడిగినవాళ్ళు ఎందరో. పేరు వుండేది, తండ్రి పేరు తప్పుగా వుండేది. కాగితం చేతికి వచ్చినా, చదివి చెప్పే మనిషి కావలసి వచ్చాడు.

2011లో దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు వేయాలని కేంద్రం నిర్ణయించింది. తరువాత భారత్‌నెట్ అని పేరు పెట్టిన పథకం ఇదే. ముందుగా పరీక్షించిన మూడు మండలాల్లో విశాఖపట్నం దగ్గరి పరవాడ ఒకటి. రెండేళ్ళలో అవుతుందన్న పని ఏళ్ళ తరబడి సాగింది. రోడ్డు తవ్వినప్పుడల్లా తీగ తెగేది. ఆంధ్రప్రదేశ్ తన వంతుగా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబరు లాగి, ఖర్చూ కాలమూ తగ్గించుకుంది. ఇప్పటికి 2 లక్షలకు పైగా పంచాయతీలకు తీగ చేరింది. కానీ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన తీగ, ఆ ఆఫీసు తాళం తీస్తేనే వూరికి అందుతుంది.

2020లో బళ్ళు మూతపడినప్పుడు ఇది మాకు బాగా తెలిసింది. నలభై మంది వున్న మా తరగతిలో ఫోనులో పాఠం వినగలిగింది పది మంది లోపే. ఒక పిల్లవాడు రోజూ సిగ్నలు కోసం గుట్ట ఎక్కేవాడు. వాళ్ళ అక్క ఎక్కలేదు. ఇంట్లో ఒకటే ఫోను, అది తమ్ముడికి. ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. తీగ వచ్చిందా అని లెక్క రాసుకునే కాగితంలో ఆ పిల్లకు గడి లేదు.

కిత్తూరు నుంచి నల్లవాడు దాకా చూసుకుంటే, పనికొచ్చిన ప్రతిచోటా పల్లె పరిస్థితికి తగిన యంత్రం, దాని దగ్గర వూరి మనిషి, వినేవారి భాష కలిసి కనిపిస్తాయి. మొదటిది ఇంజనీర్లు చూసుకుంటారు. మిగతా రెండూ మన చేతిలో వున్నాయి. పొరుగు రాష్ట్రాల్లో పెరిగే మన పిల్లలకు రెండు లిపులు వస్తాయి. బూత్‌లోని ఆ అమ్మాయి చేసిన పని ఇప్పుడు వాళ్ళు చేయగలరు. ఈ ఆదివారం మీ ఇంట్లో చదువుకున్న పిల్లను పక్కింటి తాతయ్య దగ్గర కూర్చోబెట్టి, ఆయన పొలం కాగితం ఫోనులో తెరిచి చదివి వినిపించమనండి. ఫోను మాత్రం ఆ పిల్ల చేతికే ఇవ్వండి. సెలవు.