రైలు వేగమునకు హద్దులు: బ్రిటిషు కౌంటీలు చెప్పు చరిత్ర

మన జిల్లాల వంటి విభాగములను బ్రిటనులో కౌంటీలందురు. లండను నుండి ఉత్తరముగా ఎడింబరోకు పోవు రైలు పెక్కు కౌంటీలను దాటును. దారి పొడవునా పట్టాల ప్రక్కన అంకెలు గల పలకలు కనిపించును. ఒకచోట 125, మరొకచోట 50. ఆ స్థలమున రైలు గంటకు అన్ని మైళ్ళకు మించి పోరాదని వాని అర్థము. కౌంటీ మారినపుడు వేగము మారుటకు ఆ కౌంటీ పాలకులే కారణమని తోచవచ్చును. కాని వారికి ఈ విషయమున అధికారము లేదు. ఆ అంకెలకు మూలము రెండు విషయములలో ఉన్నది. ఒకటి ప్రకృతి నియమము. రెండవది పందొమ్మిదవ శతాబ్దపు ఇంజనీర్లు ఎంచుకొన్న దారి.

మొదట నియమమును చూతము. రైలు వంపు తిరుగునపుడు దానిని వంపు కేంద్రమువైపు లాగు బలము కావలెను. ఈ బలమును పట్టాలే ఈయవలెను. వేగము రెట్టింపయినచో కావలసిన బలము నాలుగు రెట్లగును. మూడింతలయినచో తొమ్మిది రెట్లగును. పట్టాల మీది ఒత్తిడిని, ప్రయాణికుల ఒరుగుదలను తగ్గించుటకు వెలుపలి పట్టాను లోపలి పట్టా కంటె కొంత ఎత్తుగా వేయుదురు. ఈ ఎత్తు బ్రిటనులో సాధారణముగా 150 మిల్లీమీటర్లకు మించదు. అంతకంటె పెంచినచో నెమ్మదిగా పోవు గూడ్సు బండ్లు లోపలివైపునకు మిక్కిలి ఒరుగును. మరొక 110 మిల్లీమీటర్ల కొరతను ప్రయాణికులు పెద్ద అసౌకర్యము లేక ఓర్చుకొందురని లెక్క.

ఈ కొలతలతో 400 మీటర్ల వ్యాసార్ధము గల వంపున రైలు గంటకు సుమారు 94 కిలోమీటర్లు, అనగా 58 మైళ్ళు పోగలదు. ఈ వేగము రెట్టింపు కావలెనన్నచో వ్యాసార్ధము 1,600 మీటర్లుండవలెను. వేగము రెండింతలకు వంపు నాలుగింతలు విశాలము కావలెనన్నమాట. విశాలమైన వంపునకు కొండలు త్రవ్వవలెను, లోయలు పూడ్చవలెను, ఊళ్ళ మధ్య భూమి కొనవలెను. కనుక వేగపు హద్దు అనునది తుదకు ఆనాటి ఖర్చుల పద్దు.

రెండు మార్గములను పోల్చి చూచిన ఈ సంగతి తేటపడును. లండను నుండి బెర్క్‌షైరు, విల్ట్‌షైరు కౌంటీల మీదుగా బ్రిస్టలుకు పోవు మార్గము 1841లో పూర్తియైనది. దాని ఇంజనీరు బ్రూనెల్ సాధ్యమైనంతవరకు వంపులను విశాలముగాను, వాలును స్వల్పముగాను ఉంచెను. ఆనాటి ఇంజన్లకు అంత విశాలత అవసరము లేదని పలువురు తలంచియుందురు. కాని 1976లో గంటకు 125 మైళ్ళ వేగముతో పోవు డీజిలు రైళ్ళు ఆ దారిననే నడువ నారంభించెను. ఉత్తరమున నార్తంబర్లండు కౌంటీలోని మోర్పెత్ వద్ద కథ వేరు. 1847లో వేసిన ఆ మార్గము అచ్చట దాదాపు సమకోణముగా మలుపు తిరుగును. ఆనాటి నెమ్మది రైళ్ళకు అది పెద్ద అడ్డంకి కాలేదు. తరువాతి తరముల వారికి మాత్రము అది తీరని ఋణమై మిగిలినది.

వంపొక్కటే కాదు, నేల స్వభావమును లెక్కింపవలసియున్నది. హంటింగ్‌డన్‌షైరులోని హోమ్ ఫెన్ అను చిత్తడి నేల మీదుగా 1850లో రైలుమార్గము వేసినపుడు పొదల కొమ్మలను మోపులుగా కట్టి తెప్పలవలె పరచి, వానిపై కట్ట నిలిపిరి. ఇట్టి మెత్తని నేలలో ప్రకంపన తరంగములు నెమ్మదిగా పయనించును. రైలు వేగము ఆ తరంగ వేగమును సమీపించినచో పట్టాల ఊగులాట మిక్కిలి పెరుగును. అందుచేత దారి తిన్నగా నున్నను నేల వేగమును అడ్డగింపవచ్చును.

హద్దు నిర్ణయించినంత మాత్రమున చాలదు. అది డ్రైవరునకు సమయమునకు తెలియవలెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున బ్రిటిషు ఇంజన్లలో సాధారణముగా వేగమాపకములు ఉండెడివి కావు. డ్రైవరు జ్ఞాపకమును, అనుభవమును నమ్ముకొని నడుపవలసియుండెను. 1906 జూలై 1న, అర్ధరాత్రి దాటిన తరువాత, ప్లిమత్ రేవులో ఓడ దిగినవారిని లండనుకు కొనిపోవు రైలు విల్ట్‌షైరులోని సాలిస్‌బరీ వద్ద 30 మైళ్ళ హద్దు గల వంపున 70 మైళ్ళకు మించిన వేగముతో ప్రవేశించి బోల్తాపడెను. 28 మంది మరణించిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 19న లింకన్‌షైరులోని గ్రాంథమ్ వద్ద, ఆగవలసిన రైలు ఆగక వంపున పట్టాలు తప్పగా 14 మంది మరణించిరి. 1907 అక్టోబరు 15న ష్రాప్‌షైరులోని ష్రూజ్‌బరీ వద్ద 10 మైళ్ళ హద్దున్నచోట రైలు సుమారు 60 మైళ్ళ వేగముతో వచ్చినది. 18 మంది మృతిచెందిరి.

పైన చెప్పిన వర్గ నియమమును ఇచ్చట వర్తింపజేసి చూడవలెను. సాలిస్‌బరీలో కావలసిన బలము హద్దులోని దానికి అయిదు రెట్లు దాటినది; ష్రూజ్‌బరీలో 36 రెట్లు! "కొంచెము వేగము హెచ్చినది" అను మాట ఎంత మోసకరమో ఈ లెక్క చెప్పును.

మోర్పెత్ ఋణము 1969 మే 7న వసూలైనది. లండను నుండి అబర్డీనుకు పోవు రాత్రి రైలు ఆ వంపున సుమారు 80 మైళ్ళ వేగముతో పట్టాలు తప్పి ఆరుగురు మరణించిరి. అంతకుముందొక ప్రయాణములో ఆలస్యమునకు సంజాయిషీ కోరుచు వచ్చిన ఉత్తరమును గూర్చి ఆలోచనలో పడి డ్రైవరు వేగము తగ్గించుట మరచెనని విచారణలో తేలినది. మనుష్యుని మనస్సు ఒక్క నిమిషము దారి తప్పుట సహజము. ఆ నిమిషమున అతనికి తోడుండవలసినది యంత్రము. కనుకనే అటుపిమ్మట, వేగము బాగుగా తగ్గింపవలసిన చోట్లకు ముందుగా హెచ్చరిక పలకలను, పట్టాల నడుమ అయస్కాంతములను అమర్చి, డ్రైవరుకు ధ్వని వినిపించునట్లు చేసిరి. ఆ పలకలకు మోర్పెత్ పేరే నిలిచినది. గంటకు 60 మైళ్ళు, అంతకు మించిన వేగమునుండి మూడవ వంతయినను తగ్గవలసినచోట, రైలు మితిమీరి వచ్చినచో తానై బ్రేకు వేయు సాధనములను 2003 చివరినాటికి అమర్చవలెనని చట్టనిబంధన ఏర్పడినది.

పాత వంపుల మీద వేగమును హెచ్చించు ఉపాయములును వచ్చినవి. లండను–గ్లాస్గో మార్గమున 2004 నుండి లోపలికి ఒరుగు రైళ్ళు 125 మైళ్ళ వేగమును అందుకొన్నవి. ఒరుగుట వలన ప్రయాణికునకు తూలుడు తగ్గును. కాని పట్టాల మీది బలము తగ్గదు. కెంట్ కౌంటీలో 2003లో ప్రారంభమైన కొత్త మార్గము మొదటినుండియే విశాలమైన వంపులతో నిర్మింపబడినందున, అచ్చట రైలు గంటకు 300 కిలోమీటర్లు పోగలుగుచున్నది.

ఈ విధముగా పట్టా ప్రక్కన నిలిచిన ప్రతి అంకెలోను మూడు విషయములు ఇమిడియున్నవి: వేగపు వర్గముతో పెరుగు బలము, పూర్వపు ఇంజనీరు చేసిన ఎంపిక, ప్రమాదములలో అసువులు బాసినవారు నేర్పిన పాఠము. ఇంజను శక్తి ఎంత పెరిగినను ఆ అంకె దానంతట పెరుగదు. దారి మారవలెను, లేదా దారిని గూర్చిన జ్ఞానము పెరుగవలెను.